కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడా? అంచనాలు ఎక్కడ తప్పుతున్నాయి

2018 ఏప్రిల్ 26 రాత్రి టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో, డాలస్ కౌబాయ్స్ సొంత మైదానంలో జరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్ (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) తొలి రౌండ్‌లో ఐదుగురు కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు. మొదటి స్థానంలో బేకర్ మేఫీల్డ్‌ను క్లీవ్‌లాండ్, మూడో స్థానంలో సామ్ డార్నాల్డ్‌ను న్యూయార్క్ జెట్స్, ఏడో స్థానంలో జాష్ అలెన్‌ను బఫెలో, పదో స్థానంలో జాష్ రోజెన్‌ను ఆరిజోనా, రౌండ్ చిట్టచివరన 32వ స్థానంలో లమార్ జాక్సన్‌ను బాల్టిమోర్ తీసుకున్నాయి. అప్పటికే నెలల తరబడి ఈ ఐదుగురి ఆటనూ స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను వెతికి అంచనా వేసేవాళ్లు) ఆగి ఆగి, వెనక్కి తిప్పి తిప్పి చూశారు. రోజెన్ బంతి విసిరే తీరు పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంటుందని, ఐదుగురిలో మొదటి రోజు నుంచే ఆడించదగ్గవాడు అతడేనని చాలామంది అన్నారు. అలెన్‌కు చేతిలో బలం ఉంది గానీ గురి లేదన్నారు. జాక్సన్ రిసీవర్‌గా, అంటే విసిరిన బంతిని అందుకునేవాడిగా, మారితే మేలని సలహా ఇచ్చిన పెద్దలూ ఉన్నారు. ఆ తర్వాత రిసీవర్‌గా మారమన్నవాడికి 2019, 2023 సీజన్లలోనూ, గురి లేదన్నవాడికి 2024 సీజన్‌లోనూ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం దక్కింది. రోజెన్ మొత్తం మీద స్టార్టర్‌గా (మ్యాచ్ మొదటి నుంచీ ఆడే క్వార్టర్‌బ్యాక్‌గా) ఆడినవి 16 మ్యాచ్‌లు.

ఆ ఏడాది స్కౌట్లకు దిష్టి తగిలిందని సరిపెట్టుకోవడానికి లేదు. ఇలాంటి తారుమార్లు ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో కొల్లలు. 2000లో టామ్ బ్రేడీ 199వ స్థానం దాకా ఎవరికీ అక్కరలేకపోయాడు. అతడి కంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారు. 2007లో మొదటి స్థానంలో ఓక్లాండ్ ఎంచుకున్న జమార్కస్ రసెల్ మూడు సీజన్లలోనే లీగ్ నుంచి కనుమరుగయ్యాడు. చూసేవాళ్లకు ఆట తెలియకపోవడం వల్ల ఈ తప్పులు జరగడం లేదు. వాళ్ల చేతికి అందే సాక్ష్యం వేరొక ఆటకు సంబంధించినది కావడం వల్ల, తీర్పులో సగం ఆటగాడి చేతిలో కాక అతణ్ని ఎంచుకునే జట్టు చేతిలో ఉండటం వల్ల జరుగుతున్నాయి.

ఈ ఆట అంతగా పరిచయం లేనివారి కోసం ఒక్క మాట చెప్పుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు తీసుకుపోవడానికి జట్టు చేసే దాదాపు ప్రతి ప్రయత్నమూ (ఇలాంటి ఒక్కో ప్రయత్నాన్నీ ‘ఆట’ అంటారు) క్వార్టర్‌బ్యాక్ చేతి మీదుగానే మొదలవుతుంది. కోచ్ పంపిన పథకాన్ని తోటివారికి వినిపించేదీ, ఎదుటి జట్టు మోహరింపును చూసి దాన్ని మార్చేదీ, తనమీదికి దూసుకొస్తున్నవాళ్ల మధ్య నిలబడి బంతి విసిరేదీ అతడే. క్రికెట్‌లో కెప్టెనూ, వికెట్ కీపరూ, ఓపెనరూ ఒక్కడే అయితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఆ బాధ్యత కొంత అర్థమవుతుంది. కాలేజీల్లో అగ్రశ్రేణిలోనే 130కి పైగా జట్లుండగా, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32. నికరంగా నమ్మదగ్గ క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్లు ఎప్పుడు చూసినా అందులో సగం కంటే తక్కువే. మిగతా జట్లన్నీ వెతుకులాటలోనే ఉంటాయి. అందుకే 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో 12వ స్థానం నుంచి మూడో స్థానానికి ఎగబాకడానికి మూడు తొలి రౌండ్ ఎంపికలను ధారపోసింది. అలా తెచ్చుకున్న ట్రే లాన్స్ ఆ జట్టుకు స్టార్టర్‌గా ఆడినవి నాలుగే మ్యాచ్‌లు.

డబ్బు లెక్క కూడా ఈ తొందరను పెంచింది. 2010లో మొదటి స్థానంలో ఎంపికైన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. మరుసటి ఏడాది కొత్త కార్మిక ఒప్పందం వచ్చి కొత్త ఆటగాళ్ల జీతాలకు కళ్లెం వేయడంతో, అదే స్థానంలో ఎంపికైన క్యామ్ న్యూటన్‌కు దక్కింది నాలుగేళ్లకు 2.2 కోట్లు. కొత్త క్వార్టర్‌బ్యాక్ చవకయ్యాడు కాబట్టి అతడి మీద పందెం కాయడం తేలికైంది, అదే లెక్కన అతణ్ని వదిలించుకోవడమూ తేలికైంది. ఈ రెండో సంగతి రోజెన్ విషయంలో మళ్లీ ఎదురవుతుంది.

ఇక ఆట దగ్గరికి వస్తే, కాలేజీ మైదానానికీ ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానానికీ పొడవు వెడల్పుల్లో తేడా లేదు. రెండింటి వెడల్పూ 160 అడుగులే. తేడా అంతా మధ్యలో గీసిన హ్యాష్ గీతల్లో ఉంది. ప్రతి ఆటా ఆ గీతల మధ్యనో, వాటి మీదనో మొదలవ్వాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ రెండు వరసల మధ్య దూరం పద్దెనిమిదిన్నర అడుగులు, కాలేజీలో 40 అడుగులు. అందువల్ల కాలేజీ ఆటలో బంతి ఒక గీత మీద ఉన్నప్పుడు రెండో పక్కన పెద్ద ఖాళీ మిగిలిపోతుంది. దాన్ని కాపాడుకోబోయి రక్షణ జట్టు పలచబడుతుంది. ఎవరు ఎక్కడ ఉన్నారో క్వార్టర్‌బ్యాక్‌కు ముందే తెలిసిపోతుంది. మరో నిబంధన ఇంకా చిన్నది. పాస్ విసిరే ఆటలో లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్‌కు ముందు నిలబడి కాపు కాసేవాళ్లు) కాలేజీలో మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. పరుగా, పాసా అన్నది చివరి క్షణంలో తేల్చుకునే ఆర్‌పీఓ ఆటలు కాలేజీల్లో అంతగా పండటానికి ఆ రెండు గజాల వెసులుబాటు పెద్ద కారణం. లైన్‌మెన్ ముందుకు కదిలితే పరుగు ఆటే అనుకుని ఒక రక్షకుడు పరుగెత్తుకొస్తాడు, క్వార్టర్‌బ్యాక్ అతడి వెనక ఖాళీ అయిన చోటికి బంతి వేస్తాడు. ఇలాంటి ఆటలతో నూటికి డెబ్బై పాస్‌లు పూర్తిచేసిన కుర్రాడి అంకెల్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే వాటిలో అతడు చదవాల్సి వచ్చింది ఒక్క మనిషిని.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక ఆట మొదలయ్యే ముందు ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. గడియారంలో 40 సెకన్లు. హెల్మెట్‌లోని చిన్న స్పీకర్‌లో కోచ్ గొంతు ఆట పేరు చెబుతుంది; ఆ పేరు ఒక్కోసారి పది పన్నెండు మాటల పొడవుంటుంది, అందులో ఒక్క మాట తప్పితే ఒక రిసీవర్ తప్పు దారిలో పరుగెడతాడు. 15 సెకన్లు మిగిలి ఉండగా ఆ స్పీకర్ మూగబోతుంది. అక్కడి నుంచి క్వార్టర్‌బ్యాక్ ఒంటరి. లైన్ దగ్గరికి నడుస్తూనే ఎదుటి లైన్‌బ్యాకర్లలో (రక్షణ జట్టు రెండో వరసవాళ్లలో) మధ్యవాడు ఎవరో గుర్తించి, తన లైన్‌మెన్ ఎటు కాపు కాయాలో చెప్పాలి. వెనక ఇద్దరు సేఫ్టీలు, అంటే చివరి రక్షకులు, లోతుగా నిలబడి ఉంటారు. బంతి కదిలిన మరుక్షణం వాళ్లలో ఒకడు ముందుకు జారతాడు, అంటే అప్పటిదాకా కనిపించినదంతా నటన. బంతి చేతికొచ్చాక దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. మొదటి రిసీవర్‌ను మూసేశారు. రెండోవాడు ఇంకా వెనక్కి తిరగలేదు. కుడి కంటి కొసన ఎవరో దూసుకొస్తున్నారు. కాళ్లు తడబడకుండా, చూపు కిందికి దించకుండా, ఆ రెండోవాడు తిరగబోయే చోటికి అతడు తిరగకముందే బంతి వదలాలి. కాలేజీలో ఖాళీగా ఉన్నవాడికి విసిరితే సరిపోయేది. ఇక్కడ ఖాళీ ఏర్పడబోయే చోటుకు విసరాలి.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈ హెల్మెట్ స్పీకర్ 1994 నుంచి ఉంది. కాలేజీల అగ్రశ్రేణిలోకి వచ్చింది 2024లో. అంతకుముందు చాలా కాలేజీ జట్లలో కనిపించిన దృశ్యం వేరు. లైన్ దగ్గర నిలబడ్డాక పదకొండు మందీ తలలు పక్కకు తిప్పి కోచ్‌ల వైపు చూసేవారు, కోచ్‌లు బొమ్మలున్న పెద్ద అట్టలు ఎత్తి పట్టుకునేవారు, ఎదుటి మోహరింపును బట్టి ఆట మార్చేది కోచ్. బుర్ర గట్టు మీద, చెయ్యి మైదానంలో. అలాంటి జట్టు నుంచి వచ్చిన కుర్రాడికి మోహరింపు చదవడం రాదని అనలేం. వచ్చో రాదో తేల్చుకునే సందర్భమే ఫిల్మ్‌లో (మ్యాచ్‌ల వీడియోలో) ఉండదు, అసలు చిక్కు అక్కడ ఉంది.

కాబట్టి అంకెలను పూర్తిగా నమ్మడానికీ లేదు, పక్కన పెట్టడానికీ లేదు. 1990లో హ్యూస్టన్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ క్లింగ్లర్ ఒకే మ్యాచ్‌లో 11 టచ్‌డౌన్ పాస్‌లు (ఎదుటి జట్టు చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) విసిరాడు. రెండేళ్ల తర్వాత సిన్సినాటి అతణ్ని ఆరో స్థానంలో తీసుకుంది, ఫలితం దక్కలేదు. నలుగురు రిసీవర్లను నలుదిక్కులా పరిగెత్తించే ఆ పద్ధతి ఎవరు విసిరినా అంకెలు కురిపించేదని అందరికీ తర్వాత అర్థమైంది. ఆ పాఠాన్ని అతిగా నేర్చుకున్నందువల్ల ఇంకో తప్పు జరిగింది. 2016లో టెక్సాస్ టెక్ తరఫున ఓక్లహోమా మీద పాట్రిక్ మహోమ్స్ 734 గజాల పాస్‌లు విసిరాడు; ఆ మ్యాచ్‌లో అతడి జట్టు 59-66తో ఓడిపోయింది. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఎవరో కాదు, బేకర్ మేఫీల్డ్. పాస్‌లే ఎక్కువగా విసిరే టెక్సాస్ టెక్ ఎయిర్ రెయిడ్ పద్ధతిలో అంకెలు చవకని తెలుసు కాబట్టి చాలామంది ఆ 734నూ చవకగానే జమకట్టారు. ఆ మ్యాచ్‌లో పద్ధతి విఫలమైన చోటల్లా, అంటే కాపు కూలిపోయి, గీసిపెట్టిన దారులు మూసుకుపోయిన చోటల్లా అతడేం చేశాడో గమనించినవారు కొద్దిమందే. కాన్సాస్ సిటీ గమనించింది. 27వ స్థానం నుంచి పదో స్థానానికి ఎగబాకి మరీ తీసుకుంది.

అంకెల్లో పనికొచ్చేవి ఏవన్నదాని మీద 2006లో డేవిడ్ లెవిన్ అనే విశ్లేషకుడు ఒక సూత్రం ప్రతిపాదించాడు. తొలి రెండు రౌండ్లలో ఎంపికైన క్వార్టర్‌బ్యాక్‌ల విషయంలో, కాలేజీలో స్టార్టర్‌గా ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, పాస్‌లలో ఎంత శాతం పూర్తిచేశాడు అన్న రెండే సంగతులు భవిష్యత్తు గురించి బాగా చెబుతాయని దాని సారాంశం. తొలి రెండు రౌండ్లు అన్న షరతు ముఖ్యం. పద్ధతి పుణ్యమా అని అంకెలు పోగేసినవాళ్లను స్కౌట్లు అప్పటికే వడగట్టి ఉంటారు, ఆ వడపోత తర్వాతే ఈ సూత్రానికి అర్థం. ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాడి ఫిల్మ్ ఎక్కువగా ఉంటుంది, దాచుకోవడానికి ఏమీ మిగలదు. అన్ని మ్యాచ్‌లు చూశాక కూడా స్కౌట్లు ఇష్టపడ్డారంటే ఆ ఇష్టానికి బరువుంటుంది. చికాగో 2017లో రెండో స్థానంలో తీసుకున్న మిచెల్ ట్రుబిస్కీ కాలేజీలో స్టార్టర్‌గా ఆడింది 13 మ్యాచ్‌లు, ట్రే లాన్స్ 17. మరోవైపు 2024లో తొలి ఏడాదే రాణించిన జేడెన్ డేనియల్స్‌కు 55, బో నిక్స్‌కు 61 మ్యాచ్‌ల అనుభవం ఉంది. సూత్రం బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఒక్క సీజనే స్టార్టర్‌గా ఆడి వచ్చిన న్యూటన్ 2015లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. వయోమింగ్‌లో 56 శాతం పాస్‌లు పూర్తిచేసిన అలెన్ ఈ సూత్రం ప్రకారమైతే దగ్గరికి రానివ్వకూడనివాడు.

కాలేజీ అంకెలలోంచి తీసివేతలు చేయడమే సరైన దారి అనిపిస్తుంది. బంతి మొదలైన గీత వెనకే విసిరి రిసీవర్ పరుగెత్తితే వచ్చిన గజాలు తీసేయాలి. బలహీనమైన జట్ల మీద మూడో క్వార్టర్‌కే గెలుపు ఖాయమయ్యాక వచ్చినవి తీసేయాలి. మిగిలినవాటిలో థర్డ్ డౌన్‌లో (పది గజాల కోసం దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఏడెనిమిది గజాలు కావాల్సి వచ్చినప్పుడు, అందరికీ పాస్ అని తెలిసినప్పుడు ఏం చేశాడో చూడాలి. తనమీద ఒత్తిడి వచ్చిన ఆటల్లో ఎన్నిసార్లు కింద పడ్డాడన్నది మరీ ముఖ్యం. శాక్ (బంతి విసరకముందే కింద పడటం) తప్పించుకునే అలవాటు, తప్పించుకోలేని అలవాటు కూడా, కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు మనిషితోపాటే వస్తాయి. శాక్‌లన్నీ లైన్‌మెన్ ఖాతాలో వేయడం పాత పద్ధతి. బంతిని పట్టుకుని మూడున్నర సెకన్లు నిలబడే క్వార్టర్‌బ్యాక్‌ను ఎంత మంచి లైనూ కాపాడలేదు.

తీసివేత ఎంత కష్టమో జో బరో ఉదంతం చెబుతుంది. 2018లో ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీలో) అతడు 57.8 శాతం పాస్‌లు పూర్తిచేసి 16 టచ్‌డౌన్‌లు విసిరాడు. మరుసటి ఏడాది 76.3 శాతం, 60 టచ్‌డౌన్‌లు. ఆ ఏడాది కొత్త పాసింగ్ కోచ్ వచ్చాడు. ఇటు జస్టిన్ జెఫర్సన్, అటు జమార్ చేజ్ ఉన్నారు, ఇద్దరూ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ మేటి రిసీవర్లయ్యారు. ఇందులో బరో వాటా ఎంత? అంకెలు చెప్పలేవు. కాపు చెదిరిన ఆటల్లో అతడి పాదాలు చెప్పాయి: ఒక అడుగు ముందుకు, అర అడుగు ఎడమకు, చూపు మాత్రం దూరంగానే. ఆ చిన్న కదలిక రిసీవర్ల పుణ్యాన వచ్చేది కాదు. రెండో సీజన్‌లోనే అతడు సిన్సినాటిని లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు.

ఫిల్మ్ మీద నమ్మకం ఉండాల్సిన చోట ప్రదర్శన మీద మోజు పడటం మరో జబ్బు. 2021 మార్చిలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో జరిగిన ప్రో డేలో జాక్ విల్సన్ ఎడమవైపు పరుగెత్తుతూ, ఒళ్లు విరిచి, మైదానం అడ్డంగా యాభై గజాలకు పైగా బంతి విసిరాడు. ఆ ఒక్క త్రో వీడియో దేశమంతా తిరిగింది. ప్రో డే అంటే ఎదురుగా రక్షకులుండరు, మీద పడేవాళ్లుండరు, రిసీవర్లు సొంతవాళ్లు, ఏ త్రో తర్వాత ఏ త్రో వేయాలో ముందే రాసుకుంటారు. అంతకుముందు 2020 సీజన్‌లో, కొవిడ్ వల్ల చెదిరిపోయిన షెడ్యూల్‌లో, విల్సన్ ఎదుర్కొన్న జట్లలో బలమైనవి తక్కువ. జెట్స్ అతణ్ని రెండో స్థానంలో తీసుకుంది. మూడు సీజన్లలో 23 టచ్‌డౌన్‌లు, 25 ఇంటర్‌సెప్షన్‌లు (ఎదుటి జట్టు చేతికి చిక్కిన పాస్‌లు). ఇందుకు పూర్తి విరుద్ధం బ్రేడీ: 40 గజాల పరుగుకు 5.28 సెకన్లు పట్టిన అతడి శరీరాన్ని చూసి అందరూ పెదవి విరిచారు. అదే 2000 జనవరిలో, ఆరెంజ్ బౌల్ అనే కాలేజీ మ్యాచ్‌లో అలబామా మీద రెండుసార్లు 14 పాయింట్లు వెనకబడి కూడా అతడు మిషిగన్‌ను 35-34తో గెలిపించిన ఫిల్మ్ అందరి దగ్గరా ఉంది.

శరీరం తర్వాత బుర్ర. 12 నిమిషాల్లో 50 ప్రశ్నలకు జవాబులు రాయించే వండర్‌లిక్ పరీక్షను ఎన్‌ఎఫ్‌ఎల్ దశాబ్దాల పాటు నడిపి, 2022లో మానేసింది. దాని స్థానంలో కంటి ముందు కదిలే బొమ్మలను ఎంత వేగంగా గుర్తుపడతారో కొలిచే ఎస్2 అనే పరీక్ష మోజు మొదలైంది. 2023 డ్రాఫ్ట్‌కు కొద్దిరోజుల ముందు ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్‌కు అందులో అతి తక్కువ మార్కులు, అలబామా కుర్రాడు బ్రైస్ యంగ్‌కు అతి ఎక్కువ మార్కులు వచ్చాయంటూ వార్తలు బయటికి పొక్కాయి. ఆ మార్కులకు అంత బరువిచ్చినవారు 2022 డిసెంబర్ 31న జరిగిన పీచ్ బౌల్‌ను మరిచిపోయినట్టున్నారు. దేశంలోకెల్లా గట్టి రక్షణ జట్లలో ఒకటైన జార్జియా ఎదుట స్ట్రౌడ్ నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, కాళ్లతోనూ తప్పించుకున్నాడు, ఒక్క పాయింట్ తేడాతో అతడి జట్టు ఓడింది. హ్యూస్టన్‌లో మొదటి సీజన్‌లో అతడు 23 టచ్‌డౌన్‌లకు ఐదే ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చి ఆ ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. మొదటి స్థానంలో యంగ్‌ను తీసుకున్న కరోలినా ఆ సీజన్‌లో 17 మ్యాచ్‌లకు రెండే గెలిచింది.

అంటే యంగ్ పనికిరానివాడని కాదు. 11 మ్యాచ్‌లకే అతడి హెడ్ కోచ్‌ను తీసేశారు. యంగ్‌ను కోరి తెచ్చుకోవడానికి చేసిన బేరంలో జట్టు తన మేటి రిసీవర్ డి.జె. మూర్‌ను కూడా చికాగోకు ఇచ్చేసింది. క్వార్టర్‌బ్యాక్ కోసం, అతడు బంతి విసరాల్సిన మనిషిని అమ్ముకోవడమన్నమాట.

మనస్తత్వం సంగతి వస్తే అందరూ 1998నే గుర్తుచేస్తారు. ఆ ఏడాది పేటన్ మానింగ్‌ను ముందు తీసుకోవాలా, రయన్ లీఫ్‌నా అన్న వాదన నిజంగానే నడిచింది. లీఫ్ చెయ్యి ఇంకా బలమైనదన్నవారు తక్కువేమీ కాదు. ఇద్దరి తొలి సీజన్లూ ఘోరంగానే నడిచాయి. మానింగ్ 28 ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చాడు, కొత్త ఆటగాళ్లలో అది రికార్డు. అతడి జట్టు కోల్ట్స్ 16 మ్యాచ్‌లలో 13 ఓడింది. లీఫ్ కాన్సాస్ సిటీ మీద 15 పాస్‌లు విసిరితే ఒక్కటి చేరింది, వచ్చినవి నాలుగు గజాలు. మర్నాడు లాకర్ రూమ్‌లో అతడు ఒక విలేకరి మీద అరిచిన వీడియో ఆట కంటే ఎక్కువమంది చూశారు. మానింగ్ ఆ 28నీ మళ్లీ మళ్లీ చూసుకున్నవాడు. మరుసటి ఏడాది అతడి జట్టు 13 గెలిచింది. తప్పు చేసిన మర్నాటి మనిషిని ముందుగా చూడగలిగితే సగం అంచనాలు సరిపోతాయి. కాలేజీలో ఓటమి ఎరగని కుర్రాడి విషయంలో అది చూడటానికి వీలుండదు, అందుకే అలబామాలో జాతీయ ఫైనల్ మధ్యలో పక్కన కూర్చోబెట్టినా గొణగక, మరో యూనివర్సిటీకి మారి మళ్లీ నిలదొక్కుకున్న జేలెన్ హర్ట్స్ చరిత్రకు అతడి పాస్‌ల కంటే ఎక్కువ విలువ ఇవ్వాల్సింది. అతణ్ని 2020లో 53వ స్థానం దాకా వదిలేశారు. సూపర్ బౌల్ గెలిచి, ఆ మ్యాచ్‌లో మేటి ఆటగాడిగా కూడా నిలిచాడు.

అంచనా అన్న పేరుతో పక్షపాతం నడిచిన చరిత్ర కూడా ఉంది, దాన్ని దాటేసి మాట్లాడటం నిజాయితీ కాదు. 1978 జనవరిలో రోజ్ బౌల్ గెలిచిన వారెన్ మూన్‌ను ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ తీసుకోలేదు. నల్లజాతి కుర్రాడు క్వార్టర్‌బ్యాక్ పనికి తగడని, వేరే స్థానానికి మారాలని అప్పట్లో బాహాటంగానే అనేవారు. మూన్ కెనడా వెళ్లి ఎడ్మంటన్ తరఫున వరసగా ఐదు గ్రే కప్‌లు (కెనడా లీగ్ టైటిళ్లు) గెలిచి, 1984లో హ్యూస్టన్ ఆయిలర్స్‌కు వచ్చి, చివరికి 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. నలభై ఏళ్ల తర్వాత కాలేజీ అత్యున్నత పురస్కారం హైస్‌మన్ గెలిచి వచ్చిన జాక్సన్‌ను రిసీవర్‌గా మారమనడం వెనక ఆ పాత మాట ప్రతిధ్వని వినిపించిందంటే అది ఊహ మాత్రమే కాదు. బాల్టిమోర్ చేసిన తెలివైన పని, అతణ్ని తమ ఆటకు తగ్గట్టు మార్చబోకుండా, తమ ఆటనే అతడికి తగ్గట్టు మార్చుకోవడం. 2019లో అతడు లీగ్‌లోకెల్లా ఎక్కువగా 36 టచ్‌డౌన్ పాస్‌లు విసరడమే కాక, 1,206 గజాలు పరుగెత్తి క్వార్టర్‌బ్యాక్‌లలో రికార్డు నెలకొల్పాడు.

ఇక్కడితో అసలు విషయంలోకి వస్తాం. 2002లో కొత్తగా పుట్టిన హ్యూస్టన్ టెక్సన్స్ మొదటి ఎంపికగా తెచ్చుకున్న డేవిడ్ కార్‌ను ఆ ఒక్క సీజన్‌లో 76 సార్లు శాక్ చేశారు. అది ఇప్పటికీ రికార్డే. అతడిలో నిజంగా ఎంత సత్తా ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. 2005లో మొదటి స్థానంలో ఎంపికైన అలెక్స్ స్మిత్ తొలి సీజన్‌లో ఒక్క టచ్‌డౌన్‌కు 11 ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చాడు. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ఏటా కొత్త కోఆర్డినేటర్ (దాడి పథకాలు వేసే కోచ్), ఏటా కొత్త పాఠం. అందరూ అతడి కథ ముగిసిందనుకున్నాక 2011లో జిమ్ హార్బా కోచ్‌గా వచ్చాడు, అదే స్మిత్‌తో జట్టు 13 మ్యాచ్‌లు గెలిచింది. ఆరేళ్ల తర్వాత కాన్సాస్ సిటీలో మహోమ్స్ ఒక ఏడాదంతా పక్కన కూర్చుని నేర్చుకున్నది ఈ స్మిత్ దగ్గరే. మరుసటి ఏడాది మహోమ్స్ 50 టచ్‌డౌన్‌లు విసిరాడు.

అలెన్ బాగుపడటం కూడా అద్భుతమేమీ కాదు, దాని వెనక పనులున్నాయి. తొలి సీజన్‌లో అతడు పూర్తిచేసిన పాస్‌లు 52.8 శాతం, రెండో సీజన్‌లో 58.8, మూడో సీజన్‌లో 69.2. ఈ మూడేళ్లూ అతడికి ఒకే హెడ్ కోచ్, ఒకే కోఆర్డినేటర్. సీజన్ లేని నెలల్లో పాదాల కదలిక దగ్గర్నుంచి విసిరే తీరును సరిచేసుకున్నాడు. 2020 మార్చిలో మిన్నెసోటా నుంచి స్టెఫాన్ డిగ్స్ అనే మేటి రిసీవర్‌ను బఫెలో కొనితెచ్చింది. గురి అనేది పుట్టుకతో రావాల్సిందేనని, నేర్పితే వచ్చేది కాదని స్కౌట్లలో ఒక నమ్మకం ఉండేది. అది చాలావరకు నిజం కూడా. అలెన్‌ను చూసి, గురి లేని ప్రతి బలమైన చెయ్యీ బాగుపడుతుందనుకున్న జట్లు తర్వాత చేతులు కాల్చుకున్నాయి. అతడిలో అంకెలకు అందని సంగతి ఒకటుంది. కాలిఫోర్నియాలోని ఫైర్‌బా అనే చిన్న ఊళ్లో హైస్కూల్ ముగిసేసరికి అతణ్ని ఒక్క పెద్ద యూనివర్సిటీ కూడా పిలవలేదు. జూనియర్ కాలేజీలో చేరి, కనిపించిన ప్రతి కోచ్‌కూ ఈమెయిల్ పంపుకున్నాడు. ఎదగాల్సింది ఇంకా ఉన్నవాడూ, ఎదుగుదల ఆగిపోయినవాడూ ఒకే 56 శాతంతో కనిపించవచ్చు.

2018 జాబితాలో మిగిలిన ఇద్దరి కథ కూడా ఇదే దారిలో నడిచింది. మేఫీల్డ్‌ను క్లీవ్‌లాండ్ వదిలేసింది, కరోలినా వదిలేసింది. 2023లో టాంపా బేకు చేరి నిలదొక్కుకున్నాడు. జెట్స్, కరోలినా రెండూ వద్దనుకున్న డార్నాల్డ్ 2024లో మిన్నెసోటా తరఫున 14 మ్యాచ్‌లు గెలిచాడు. వాళ్ల చేతులు మారలేదు, చుట్టూ ఉన్నవి మారాయి.

రోజెన్‌కు అలాంటి రెండో చోటు దొరకలేదు. ఎంపికైన రాత్రి తనకు ముందు తొమ్మిది తప్పులు జరిగాయని అతడన్న మాటను అహంకారానికి గుర్తుగా చాలాసార్లు చెప్పుకున్నారు. అతడు దిగిన ఆరిజోనాలో సీజన్ మధ్యలో కోఆర్డినేటర్‌ను, సీజన్ ముగియగానే హెడ్ కోచ్‌ను తీసేశారు. లైన్ చిల్లులు పడి ఉంది. 14 మ్యాచ్‌లలో అతణ్ని 45 సార్లు కింద పడేశారు. మరుసటి ఏప్రిల్‌లో ఆరిజోనా మొదటి స్థానంలో కైలర్ మరేను తీసుకుని, రోజెన్‌ను రెండో రౌండ్ ఎంపికకు మయామీకి అమ్మేసింది. మయామీలో స్టార్టర్‌గా మూడు మ్యాచ్‌లు ఆడాడు, ఆ తర్వాత జట్టు నుంచి జట్టుకు. డ్రాఫ్ట్ రాత్రి బఫెలో ఏడో స్థానంలో పేరు చదివేటప్పటికి రోజెన్ ఇంకా ఎవరికీ దక్కలేదు, అలెన్‌తోపాటు అతడూ వాళ్లకు అందుబాటులోనే ఉన్నాడు. ఆ మూడేళ్ల ఓపికా, ఒకే కోచ్, డిగ్స్ లాంటి రిసీవర్ అతడికి దొరికి ఉంటే ఏమయ్యేదో అతడి కాలేజీ ఫిల్మ్‌ను ఇప్పుడు ఎన్నిసార్లు తిప్పి చూసినా తెలియదు.